నురుగు వాళ్ళ ఎల్స్పెట్

ఫిన్‌హైత్ రేవులో నిలబడి "మెయిర్" అని ఒక్క కేక వేస్తే సగం ఊరు వెనక్కి తిరిగి చూస్తుంది. మిగతా సగం ఆ ఇంటి అల్లుళ్ళూ కోడళ్ళూ కాబట్టి, పిలిచిందెవరో చూద్దామని వాళ్ళూ తిరుగుతారు. స్కాట్లండు ఈశాన్యపు ఒడ్డున, గాలికి భుజం అడ్డం పెట్టి నిలుచున్నట్టు కట్టిన రాతి ఇళ్ళు, ఒక రేవు, రెండు చర్చిలు. అంతే ఊరు. పడవలన్నీ ఉన్న రోజుల్లో ఆ చిన్న ఊళ్ళో పదకొండుమంది జేమ్స్ మెయిర్లు ఉండేవారట. అందుకే అక్కడ ప్రతి కుటుంబానికీ ఒక మారుపేరు. మేకు వాళ్ళు, పిచ్చుక వాళ్ళు, లాంతరు వాళ్ళు, పొట్టి వాళ్ళు. ఓటర్ల జాబితాలోనూ ఆ పేరు ఉండాల్సిందే, సమాధి రాతి మీదా ఉండాల్సిందే.

ఎల్స్పెట్ నురుగు వాళ్ళ పిల్ల. మెయిర్‌గా పుట్టి, లాంతరు వాళ్ళ గావిన్ మెయిర్‌ను కట్టుకుని, మెయిర్‌గానే ఉండిపోయింది. పద్నాలుగో ఏట చేపలకు పొగబెట్టే కొట్టంలో చేరింది. హాడాక్ చేపను వీపు దగ్గర చీల్చి, కడిగి, జతలు జతలుగా కర్రకు వేలాడదీసి, కింద ఓక్ రంపపు పొట్టు రాజేయడం అక్కడి పని. నలభై ఏళ్ళు పైగా అదే బల్ల దగ్గర నిలబడింది. ఆ బల్లకు అటూ ఇటూ పదిమంది ఆడవాళ్ళు. చేతులు చేపల మీద, నోళ్ళు చుట్టాల మీద. ఎవరి మేనత్త ఎవరికి తోడికోడలో, ఎవరి తాత ఎవరి పడవలో పోయాడో, ఉదయం ఏడు నుంచి సాయంత్రం దాకా అదే ముచ్చట. పొగ బట్టకు పట్టినట్టు ఆ మాటలు ఎల్స్పెట్‌కు పట్టేశాయి. ఊళ్ళో ఎవరికి ఏ అనుమానం వచ్చినా, పొగకొట్టం తలుపు తీసి ఆమెనే అడిగేవారు.

వాటిని కాగితం మీద పెట్టాలన్న ఆలోచన మాత్రం ఒక చావు కబురు వల్ల వచ్చింది. 1974లో హల్ పట్నంలో ఒక ముసలామె పోయింది. అక్కడి వాళ్ళు ఆమె తమ్ముడు జేమ్స్ మెయిర్‌కు ఉత్తరం రాస్తూ మారుపేరు రాయడం మరిచారు. ఉత్తరం పొట్టి వాళ్ళ జేమ్స్‌కు చేరింది. ఆయనకు హల్‌లో నిజంగానే ఒక అక్క ఉంది. నల్లకోటు తొడుక్కుని, రెండు రైళ్ళు మారి, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళి చూస్తే పెట్టెలో ఉన్నది ఎవరో. ఇంత దూరం వచ్చాను కదా అని శవపేటికకు భుజం పట్టి, భోజనం చేసి, ఆ ఇంటి నుంచి నడిచి వెళ్ళి తన అక్కను చూసి వచ్చాడు. ఆమె గుండ్రాయిలా ఉంది. చావుకు వేసుకున్న కోటుతో తలుపు తట్టినందుకు నెలరోజులు మాట్లాడలేదు. ఇదంతా విని పొగకొట్టంలో నవ్వి నవ్వి అలసిపోయాక, ఎల్స్పెట్ మాత్రం నవ్వు ఆపి, నేను పోతే ఇవన్నీ ఎవరికి తెలుస్తాయి అనుకుంది.

ఆ ఆదివారం గోడలకు అంటించగా మిగిలిన కాగితపు చుట్ట ఒకటి అటక మీంచి దించి, వంటింటి నేల మీద వెనక్కి తిప్పి పరిచింది. నాలుగు మూలలా నాలుగు ఇస్త్రీపెట్టెలు పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని మొదటి పేరు రాసింది. గావిన్ పడవ ఇంజను దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. గుమ్మంలో నిలబడి చూశాడు.

"నేను పొయ్యి దగ్గరికి ఎట్లా పోవాలి?" అన్నాడు.

"మా పెదతాతల మీద కాలు వెయ్యకుండా పో," అంది ఎల్స్పెట్.

ఆరేళ్ళలో ఆ చుట్ట మూడు చుట్టలైంది. గురువారాలు సెలవు పెట్టి ఎల్గిన్ లైబ్రరీకి బస్సులో వెళ్ళేది. అక్కడ పాత చర్చి రిజిస్టర్లూ జనాభా లెక్కలూ ఫిల్ము రీళ్ళలో ఉండేవి. చీకటి గదిలో యంత్రం పిడి తిప్పుతుంటే వెలుతురు పలక మీద పేర్లు నీళ్ళలో చేపల గుంపుల్లా జరిగిపోయేవి. కొన్ని సిరా అలికిపోయి, కొన్ని ఎలుకలు కొట్టేసి. పిడి తిప్పే చెయ్యి ఆగిపోయి, ఎంతసేపు అలా ఉండిపోయేదో ఆమెకే తెలిసేది కాదు. బయటికి వచ్చేసరికి సముద్రపు పొగమంచు ఊళ్ళ మీదికి ఎక్కివచ్చి ఉండేది. బస్సు అద్దంలోంచి చూస్తే ఆ తెలుపులో వీపున చేపల బుట్టలతో, మోకాళ్ళ దాకా ఎత్తికట్టిన పావడాలతో, ఇప్పుడే చదివిన ఆడవాళ్ళంతా దారి పక్కన నడిచిపోతున్నట్టు అనిపించేది. భయం వేసేది కాదు. ఏ బుట్ట ఎవరిదో గుర్తుపట్టడానికి ప్రయత్నించేది.

కాగితం ఒకటి చెబితే ముసలివాళ్ళు ఇంకొకటి చెప్పేవారు. లాంతరు వాళ్ళ ఇసబెల్ 1862లో పోయిందని రిజిస్టరు. మరి 1880లో పిల్లను కన్న ఇసబెల్ ఎవరు? ఎల్స్పెట్ వారం రోజులు తల పట్టుకుంది. పిచ్చుక వాళ్ళ ముసలి లీబీని అడిగితే, పోయిన పిల్ల పేరే తర్వాత పుట్టిన పిల్లకు పెట్టారనీ, అలా పెట్టకపోతే పోయిన పిల్ల అలుగుతుందని వాళ్ళ అవ్వ అనేదనీ చెప్పింది. లీబీకి తొంభై రెండేళ్ళు. కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని, కళ్ళు సగం మూసి, మేజోళ్ళు అల్లుతూ ఉంటుంది. ఆమె చెప్పేది కాగితంతో పోల్చి చూస్తే పదింట తొమ్మిది నిజమయ్యేవి. పదోది కాగితం తప్పు అని తేలేది.

అన్నిటికన్నా ఎల్స్పెట్‌కు కావలసింది తన కథ. నురుగు వాళ్ళ కథ ఊరందరికీ తెలిసిందే. 1816 జనవరిలో పెద్ద తుఫాను. రేవు బయట ఆవూ దూడా అనే రెండు రాళ్ళ మీద ఏదో పరాయి దేశపు ఓడ విరిగిపోయింది. ఒక్క ప్రాణి మిగలలేదు, రొట్టెల పెట్టెలో పెట్టిన పసిపాప తప్ప. అలలు ఆ పెట్టెను ఒడ్డుకు చేర్చాయి. నురుగులోంచి తీసిన పాపను ఊరు పెంచుకుంది, హెలెన్ అని పేరు పెట్టింది. ఆమె ఎల్స్పెట్ తాతకు నాయనమ్మ. తాత ఒళ్ళో కూర్చుని ఆ కథ విన్నప్పటి నుంచీ ఎల్స్పెట్ తనకంటూ నార్వే వైపు ఒక అవతలి ఒడ్డు ఉందని నమ్మింది. అక్కడ నీలం రంగు చెక్క ఇల్లు, కిటికీలో దీపం, ఎదురుచూసి ఎదురుచూసి పోయిన ఎవరో పొడుగాటి మనుషులు. ఆ నీలం ఇల్లు ఒక బిస్కట్ల డబ్బా మూత మీది బొమ్మ అని ఆమెకు తెలుసు. అయినా చేపలు చీలుస్తూ తల ఎత్తినప్పుడల్లా అక్కడికి వెళ్ళి వచ్చేది. పక్కన పనిచేసేవాళ్ళు మోచేత్తో పొడిచి, "నార్వే నుంచి దిగి రావే పిల్లా, చెయ్యి కోసుకుంటావు," అనేవాళ్ళు.

ఆ ఓడ పేరు కోసం ఆరేళ్ళు వెతికింది. ఆ నెల పేపర్లు తెప్పించి చదివింది. సుంకాల కచేరీ పాత పుస్తకాలు చూసింది. బెర్గెన్, డాంజిగ్ రేవులకు ఉత్తరాలు రాసింది. అందరూ మర్యాదగా జవాబిచ్చారు. ఆ శీతాకాలంలో ఆ ఒడ్డున ఏ ఓడా మునగలేదని అందరి మాటా. చివరికి ఎల్గిన్ లైబ్రరీలో పనిచేసే అమ్మాయి, చర్చి పెద్దల సభ రాసుకున్న పుస్తకాలు చూశారా అని అడిగింది. పసిపాపను ఊరు పెంచుకుందంటే దాని తిండీ బట్టా ఎవరు చూడాలో పెద్దలే కదా తేల్చేది. ఆ పుస్తకాలు ఎడిన్‌బరాలో ఉన్నాయి.

1981 ఏప్రిల్‌లో ఎల్స్పెట్ ఉప్పువెన్న రొట్టెలు నాలుగు మూట కట్టుకుని రైలెక్కింది. పెద్ద కిటికీల గదిలో, మెత్తటి దిండు మీద పుస్తకం పెట్టి ఇచ్చారు. తోలు అట్ట పొడిపొడిగా చేతికి అంటుకుంది. బడిపంతులే అప్పట్లో సభకు రాయసకాడు. గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. 1815 డిసెంబరు పదిహేడున ఇలా ఉంది. పెళ్ళికాని గ్రిజెల్ మెయిర్ గర్భవతి అన్న మాట ఊళ్ళో వినబడుతున్నందున ఆమెను పిలిపించడమైనది. ఆమె ఏమీ పలకలేదు. అట్టి తప్పు రుజువైతే మూడు ఆదివారాలు జనమందరి ఎదుట నిలబడవలసి ఉంటుందని హెచ్చరించడమైనది. అప్పుడు పదకొండుమంది స్త్రీలు ఎవరూ పిలవకుండానే లోనికి వచ్చిరి. "మేమందరము ఈ చలికాలమంతయు గ్రిజెల్‌తో కలిసి ఎర ఏరితిమి, వలలు కుట్టితిమి. ఆమెయందు ఎట్టి మార్పును కానలేదు," అని ఒకరి తర్వాత ఒకరు ప్రమాణము చేసిరి.

ఎల్స్పెట్ పేజీ తిప్పింది. జనవరి పద్నాలుగు. ఓడ నష్టమునందు దొరికిన ఆడశిశువును అదే స్త్రీలు పెద్దల ఎదుటికి తెచ్చిరి. ఏ ఓడయో ఎవరికీ తెలియదు. బాప్తిస్మము ఇచ్చి హెలెన్ అని పేరిడడమైనది. దాని కింద రెండే వాక్యాలు.

"పై శిశువునకు పాలిచ్చి పెంచుటకు గ్రిజెల్ మెయిర్ నియమింపబడినది. దేవుని దయవలన ఆమెకు పాలు సమృద్ధిగా ఉన్నవి."

ఆమె ఆ రెండో వాక్యం మీద వేలు పెట్టకుండా, గాలిలో వేలు ఆడిస్తూ, నాలుగుసార్లు చదివింది. పెళ్ళికాని పిల్లకు పాలు ఎక్కడివని ఆ పంతులు అడగలేదు. పెద్దలూ అడగలేదు. గుండ్రటి అక్షరాలతో రాసి, సిరా ఆరడానికి ఇసుక చల్లి, పుస్తకం మూసేశారు. బయట ఎండ వచ్చి గది నేల మీద పడింది. నీలం ఇల్లు ఎల్స్పెట్ కళ్ళ ముందు నెమ్మదిగా, ఒక్కొక్క కిటికీ ఆరిపోతూ మాయమైంది. అరవై ఏళ్ళు తనదనుకున్న ఒడ్డు. కన్నీళ్ళు వచ్చాయి. పుస్తకం తడవకూడదని కుర్చీ వెనక్కి జరుపుకుంది. కాసేపటికి ముక్కు తుడుచుకుని, తెచ్చుకున్న పెన్సిలుతో పదకొండు పేర్లూ ఎత్తి రాసుకుంది. అందరూ మెయిర్లే. పంతులు మంచివాడు, ప్రతి పేరు పక్కనా మారుపేరు రాశాడు. పిచ్చుక, మేకు, లాంతరు, పొట్టి. చదువుతుంటే ఊళ్ళో ఒక చివరి నుంచి ఇంకో చివరికి నడుచుకుంటూ పోతున్నట్టే ఉంది.

తిరుగు ప్రయాణంలో పొగమంచు రైలు కిటికీల దాకా వచ్చింది. ఆమె దిగి ఇంటికి పోకుండా నేరుగా లీబీ ఇంటికి పోయింది. పేర్ల జాబితాలో మొదటిది పిచ్చుక వాళ్ళదే. లీబీకి ముత్తవ్వ. ఎల్స్పెట్ కాగితం చదువుతుంటే లీబీ అల్లిక ఆపలేదు. చదవడం అయ్యాక, వరస చివరిదాకా అల్లి, సూదులు ఒళ్ళో పెట్టుకుంది.

"ఆ పంతులు రాసిపెట్టాడా," అంది. "మా అవ్వ చెప్పలేదు అది."

"నీకు తెలుసా మరి?"

"తెలుసు. మా ఈడు ఆడవాళ్ళందరికీ తెలుసు."

"నాకెందుకు చెప్పలేదు లీబీ అత్తా? ఆరేళ్ళుగా నీ ఎదుటే కూర్చుని ఓడ కోసం ఏడుస్తున్నాను."

"ఎవరి కథో వాళ్ళకే అందరికన్నా ఆఖరున తెలియాలని ఆ పదకొండుమందీ మాట తీసుకున్నారు. ఆ మాట మా దాకా వచ్చింది." లీబీ కళ్ళు పూర్తిగా తెరిచి చూసింది. "అయినా నీకు పేరు పెట్టి మరీ చెప్పాం కదే. నురుగు నడిసముద్రంలో ఉండదు పిల్లా. ఒడ్డు తగిలితేనే పుడుతుంది. నువ్వు పుట్టి పెరిగింది ఈ ఒడ్డునే కదా, ఆ మాత్రం తట్టలేదూ?"

ఆ తర్వాత లీబీ చాలాసేపు మాట్లాడింది. ఆ చలికాలం తుఫాను ఊసే లేదట. పాప పుట్టిన రోజు సముద్రం గిన్నెలో పాలలా కదలకుండా ఉందట. అప్పట్లో మగవాళ్ళ జోళ్ళు తడవకుండా ఆడవాళ్ళే వాళ్ళను వీపున ఎక్కించుకుని పడవ దాకా మోసేవారు. గ్రిజెల్ తల్లి లేని పిల్ల, రోజూ తండ్రిని మోయాల్సింది ఆమే. గ్రిజెల్ కాలు బెణికిందని ఊరంతా చెప్పి, లీబీ ముత్తవ్వ ఆ ముసలాయనను మూడు నెలలు తన వీపున మోసింది. తన మొగుడిని దింపి వచ్చి, మళ్ళీ వంగి ఆయనను ఎక్కించుకునేది. ఆయన దుక్కలాంటి మనిషట. ఒడ్డున ఇసుకలో ఎర ఏరేటప్పుడు గ్రిజెల్ నడుమ, పదకొండుమంది చుట్టూ, అందరివీ పెద్ద బుట్టలూ మూడేసి పావడాలూ. చర్చి మెట్ల మీద నుంచి చూసేవాళ్ళకు ఏ నడుము ఎవరిదో తెలిసేది కాదు.

"తండ్రి ఎవరు?" అంది ఎల్స్పెట్.

"అది మాత్రం ఎవరికీ తెలీదు. వాళ్ళు అడగలేదు, ఆమె చెప్పలేదు." లీబీ సూదులు మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "నీ కాగితాల్లో ఒక గడి ఖాళీగా ఉంటే ఇల్లు కూలదు."

ఎల్స్పెట్ ఇంటికి వచ్చి గావిన్‌కు అంతా చెప్పింది. ఆయన విని, అయితే ఆరేళ్ళుగా వెతికిన ఓడ మా అవ్వ వాళ్ళు కట్టిందన్నమాట, గట్టిగానే కట్టారు అన్నాడు. పదకొండుమందిలో ఒకామె లాంతరు వాళ్ళ మనిషి. ఆ మాటకు ఎల్స్పెట్ నవ్వింది. నవ్వుతూనే ఏం చెయ్యాలో తోచింది.

ఆ వారమంతా చుట్టలు పరుచుకుని పదకొండుమంది వంశాలూ కిందికి దింపుకుంటూ వచ్చింది. ఒక వంశం ఆగిపోయింది. ఇంకొకటి షెట్లండు దీవులకు పోయింది. వాళ్ళకు ఉత్తరం రాసింది. మిగిలిన తొమ్మిదీ ఊళ్ళోనే ఉన్నాయి. తన అత్తింటిదీ లీబీదీ పోగా ఏడిళ్ళు. ఇంటికో జత చొప్పున పొగబెట్టిన హాడాక్ చేపలు కాగితంలో చుట్టి, ఒక్కో సాయంత్రం ఒక్కో గుమ్మం ఎక్కింది. మీ నాయనమ్మ నాయనమ్మ మా నాయనమ్మల కోసం చర్చిలో అబద్ధం ఆడింది, థాంక్స్ చెప్పడానికి వచ్చాను, ఇదివరకు వీలు కాలేదు. ఇదే మాట ప్రతి ఇంటా. పొట్టి వాళ్ళ జేమ్స్ చేపలు తీసుకుని, ఈసారి సరైన ఇంటికే వచ్చావా చూసుకో అన్నాడు. ఒక ఇంట్లో పిల్లల తల్లి, పందొమ్మిదేళ్ళది, వింటూ వింటూ ఏడ్చింది. ఎందుకో ఎల్స్పెట్ అడగలేదు. ఆమె పక్కన కూర్చుని చేపలూ బంగాళాదుంపలూ పాలల్లో ఉడికే దాకా ఉండి, ఆ సూపు తాగి వచ్చింది.

మేకు వాళ్ళ శాండర్స్ ఒక్కడే లోపలికి రమ్మనలేదు. పెద్ద పడవకు సరంగుగా చేసిన మనిషి, ఇప్పుడు చర్చి పెద్ద. గుమ్మంలోనే నిలబడి విన్నాడు.

"మావాళ్ళు దేవుడి ఇంట్లో దొంగ ప్రమాణం చెయ్యరు," అన్నాడు.

"చేశారు శాండర్స్. రాసి ఉంది. ఏడో పేరు."

"రాసినవాడు తప్పు రాశాడు. చేపలు పట్టుకుపో."

ఎల్స్పెట్ వాదించలేదు. చేపలు వాళ్ళ గోడ మీద పెట్టి వచ్చేసింది. బయట పెట్టకుండా ఉండాల్సిందేమో, నూట అరవై ఏళ్ళకు పైగా మూసి ఉంచిన తలుపు తీయడానికి తనెవరు అనుకుంది. ఆ తర్వాత రెండు వారాలు చుట్టలు విప్పలేదు. పొగకొట్టంలో తల ఎత్తినా చూడటానికి ఆ నీలం ఇల్లు లేదు. దాని బదులు ఒక ఇసుక ఒడ్డు కనబడేది. వంగి వంగి ఎర ఏరుతున్న ఆడవాళ్ళు, మధ్యలో ముఖం కనబడని ఒక పిల్ల. ఎవరూ ఏమీ మాట్లాడరు. పోటు తగ్గుతూ ఉంటుంది. అలా చూస్తూ ఉండిపోతే ఒకరోజు చెయ్యి నిజంగానే కోసుకుంది.

మే నెల చివర ఒక మధ్యాహ్నం, సముద్రం మీద ఎండ పల్చగా పరుచుకుని ఉండగా, శాండర్స్ ఎల్స్పెట్ ఇంటికి వచ్చాడు. చంకలో నల్లగుడ్డ చుట్టిన పెద్ద బైబిలు. టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. గావిన్ కుర్చీ జరిపి, ఏదో పని ఉన్నట్టు పెరట్లోకి పోయాడు.

ఆ చేపలు బాగున్నాయి అన్నాడు శాండర్స్. ఆ తర్వాత గుడ్డ ముడి విప్పాడు. ఇది తన ముత్తాతల నాటి పుస్తకమనీ, మొదటి పేజీలో పుట్టినవాళ్ళ పేర్లు ఉన్నాయనీ, చిన్నప్పటి నుంచీ చూస్తున్నా తనకు ఆ రాత చదవడం రాదనీ నెమ్మదిగా చెప్పాడు.

"ఆ ఏడో ఆమె," అన్నాడు చివరికి. "ఆమె పేరు ఇందులో ఉందేమో చూస్తావా? ఆమెకు పిల్లలెంతమందో, ఎప్పుడు పోయిందో. నాకు ఆమె గురించి ఏమీ తెలీదు ఎల్స్పెట్. మేకు వాళ్ళం అని చెప్పుకోవడమే గాని."

ఎల్స్పెట్ కళ్ళజోడు తుడిచి పెట్టుకుంది. మొదటి పేజీ గోధుమరంగుకు తిరిగి, మడత దగ్గర చీలి ఉంది. సిరా వెలిసింది కానీ చెయ్యి స్థిరంగా ఉంది. ఆమె బైబిలును కిటికీ వెలుతురులోకి తిప్పుకుంది. శాండర్స్ తన కుర్చీని ఆమె దగ్గరికి లాక్కున్నాడు. ఆమె చదవడం మొదలుపెట్టింది. ఒక్కో పేరు దగ్గరా ఆగి, అతను నోట్లో దాన్ని తిరిగి అనుకునేదాకా ఉండి, తర్వాతి పేరుకు వెళ్ళింది.